పప్పుగుత్తి కుళాయి

మనిషికి బీరు తాగాలనిపిస్తే షాపుకెళ్లి సీసా కొనుక్కుంటాడు. లోకమంతా నడిచే పద్ధతి ఇది. ఒక పెద్దమనిషి చేత వారానికొక గ్లాసు తాగించడానికి మేం మాత్రం డీప్ ఫ్రీజర్‌ని విప్పి, దానికి చెక్క చట్రం బిగించి, బీరుని తోసే గ్యాస్ సిలిండర్ తగిలించి, కుళాయి పెట్టి, చదువుకోవాల్సిన సెలవులన్నీ తగలేశాం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మండుతూ మండుతూనే నవ్వొస్తుంది, అది ఇంకో బాధ.

అప్పుడు మేం ముగ్గురం మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లో, యూనివర్సిటీకి నడిచెళ్లే దూరంలో ఒక పాత ఇటుకల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఆ ఇంట్లో ఎవరికీ పేర్లు లేవు, ఊళ్లే. నేను తెనాలి. మాస్టర్స్ పూర్తిచేసి పట్టా కోసం చూస్తున్నవాడు జగిత్యాల. మా ఇద్దరికంటే చిన్నవాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడు, బీరు రంగు తప్ప రుచి ఎరగనివాడు భీమవరం.

జగిత్యాల వాళ్ల నాన్న కాన్వొకేషన్‌కి వస్తున్నాడని తెలిసిన రోజు మొదలైంది ఈ గోల. నాన్నని వాడు బాపు అంటాడు. బాపు గవర్నమెంటు హైస్కూల్లో డ్రిల్లు సారు. ఆయన విజిల్ ఊదితే గ్రౌండు అవతల రోడ్డు మీద వెళ్లేవాళ్లు కూడా ఆగేవాళ్లట. అలాంటి మనిషి నెల రోజులు మాతో ఉంటాడంటే నా భయమల్లా పొద్దున్నే లేపి పరిగెత్తిస్తాడని. జగిత్యాల భయం వేరే.

"మా బాపు ఆదివారం పొద్దుగూకంగ ఒక బీరు తాగుతడు," అన్నాడు వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ.

"తాగనీ. తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టు, ఆయనే తీసుకుంటాడు."

వాడు కత్తి కింద పెట్టేశాడు. "నేను తెచ్చి పెడితె, తాగుతడని నాకు ఎరుకున్నట్టు గాదా?"

నాకు అర్థం కాలేదు. వాడు స్టవ్ ఆర్పేసి మరీ చెప్పుకొచ్చాడు. వాళ్లింట్లో ఆదివారం సాయంత్రం బాపు నల్ల కవరులో ఏదో చుట్టుకుని, స్టీలు గ్లాసొకటి పట్టుకుని డాబా ఎక్కుతాడు. స్టీలు గ్లాసయితే లోపలున్నదేమిటో బయటికి కనపడదు. ఆయన దిగేదాకా ఇంట్లో ఎవరూ మెట్లెక్కరు. వానొచ్చినా సరే, ఆరేసిన బట్టలు తడిసి ముద్దవ్వాల్సిందే. వాళ్లమ్మకి తెలుసు, అక్కకి తెలుసు, వీడికి తెలుసు, ఎదురింటివాళ్లకి ఇంకా బాగా తెలుసు. అయినా ఎవరికీ తెలియదు. వీడు ఇంతవాడయ్యాడు గానీ ఆదివారం సాయంత్రం డాబా ఎక్కిన పాపాన పోలేదు. వీడు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతూ తాగడం మొదలెట్టిన సంగతి కూడా అంతే, బాపుకి తెలుసో తెలియదో వీడికి తెలియదు. తండ్రీకొడుకుల మధ్య ఆ మాట వచ్చిందంటే ఇద్దరూ తలెత్తుకోలేరు.

"సరే, ఈ నెల రోజులూ మానేస్తాడు. కొంపలేం అంటుకోవు," అన్నాను.

"మానేస్తడు. నాకు తెల్సు," అన్నాడు. "ఇన్నేండ్లకు కొడుకింటికొచ్చి ఆదివారాలు ఉట్టిగ కూసుంటె నాకు ఎట్లుంటది? నన్ను చదివించిన్నాళ్లు ఆయన వేరే సుఖం ఏం పెట్టుకోలే, గదొక్కటే." ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పాడు. "ఆయన అడుగొద్దు. నేను ఇయ్యొద్దు. తాగిండని నాకు తెల్వొద్దు. గని తాగాలె."

ఇది విన్నాక కూడా నేను ఆ ఇంట్లో ఎందుకున్నానో నాకే తెలియదు. సీసాలు పెడితే ఎన్ని తగ్గాయో కొడుకు లెక్కపెడతాడని బాపు ముట్టుకోడట. ఖాళీ సీసా చెత్తబుట్టలో పడితే చప్పుడవుతుందట. డబ్బా అయితే తీసేటప్పుడు చప్పుడట. రెండు రోజులు వాడు అదే ఆలోచిస్తూ అన్నం మాడగొట్టాడు. మూడో రోజు చేతిలో గరిటెతో నా గదిలోకొచ్చి, "నల్లా," అన్నాడు. కుళాయిని వాళ్లు నల్లా అంటారు. "నల్లా ఉంటె లెక్కుండదు. సీస ఉండది, మూత ఉండది, సప్పుడుండది. ఎవలు తిప్పిన్రో ఎవలకెరుక?"

వాడి తెలివికి దండం పెట్టి పడుకున్నాను. అక్కడితో పోతుందనుకున్నాను.

మా వీధికి హార్డ్ రబ్బిష్ వారం అని ఒకటొచ్చేది. అక్కర్లేని సోఫాలూ పరుపులూ టీవీలూ జనం ఇంటి ముందు గడ్డిమీద పెడితే కౌన్సిల్ లారీ వచ్చి పట్టుకుపోతుంది. లారీ వచ్చేలోపు మాలాంటి వాళ్లం వెళ్లి ఏరుకుంటాం. మా ఇంట్లో కుర్చీల నుంచి కార్పెట్ దాకా అన్నీ అలా నడిచొచ్చినవే. ఆ వారం రెండు వీధుల అవతల, ఐస్‌క్రీమ్ షాపుల్లో ఉండేలాంటి, మూత పైకి తెరిచే పెట్టె ఫ్రీజర్ కనపడింది. 'పనిచేస్తుంది' అని ఇంగ్లీషులో చీటీ కూడా అంటించారు. సూపర్‌మార్కెట్ ట్రాలీ మీద అడ్డంగా పెట్టి, పాడెని తీసుకొచ్చినట్టు ముగ్గురం తలోవైపూ పట్టుకుని ఇల్లు చేర్చాం. ఎదురొచ్చిన ముసలాయన కుక్కని కూడా పక్కకి లాగి దారిచ్చాడు.

గరాజ్‌లో దించి మూత తీశాక తెలిసింది, దాని పాత యజమాని చేపలు పట్టేవాడని. గాలానికి గుచ్చే ఎర ఏళ్ల తరబడి అందులోనే దాచుకున్నాడు. వెనిగర్ పోశాం, నిమ్మకాయలు రుద్దాం, చింతపండు గుజ్జు పూసి తోమాం. చివరికి జగిత్యాల అగరొత్తుల కట్టంతా అందులో వెలిగించి మూతేశాడు. మర్నాడు తీసి చూస్తే చేపలకి పూజ చేసినట్టుంది వాసన. అది ఆ ఫ్రీజర్‌నీ, గరాజ్‌నీ మళ్లీ వదల్లేదు.

నేను డ్రిల్లింగ్ మిషను పట్టుకుని ఫ్రీజర్ పక్కగోడకి కన్నం పెట్టబోతుంటే భీమవరం తలుపు దగ్గర నిలబడి, "ఆగన్నా," అన్నాడు. "చల్లబరిచే గ్యాస్ గొట్టాలు ఆ గోడల్లోనే పోతాయి. కన్నం పడిందంటే ఫ్రీజర్ ఖతం."

"నీకేం పని ఇక్కడ? ఇది పాపం కదా?"

"పాపమే. కానీ కన్నం తప్పు చోట పెడుతుంటే చూస్తూ ఊరుకోలేను కదా."

వాడు సివిల్ చదివేవాడు. మూత ఊడదీసి, పెట్టెకీ మూతకీ మధ్య నాలుగు పక్కలా చెక్కపలకల చట్రం కూర్చోబెట్టాడు. కుళాయి కన్నం ఆ చెక్కకే. చక్కగా ఇసకకాగితం పెట్టి రుద్ది, వార్నిష్ కూడా వేశాడు. అంతా అయ్యాక చేతులు కడుక్కుని, "నేను చెక్కపని చేశాను. లోపల ఏం పోస్తారో నాకు తెలియదు," అన్నాడు. వీడు కూడా బాపు పార్టీలో చేరిపోయాడని అర్థమైంది.

బీరు గడ్డకట్టకూడదు, చల్లగా ఉంటే చాలు. అందుకని ఫ్రీజర్ ప్లగ్గుకి ఒక చిన్న కంట్రోలర్ తగిలించాలి. దాని సెన్సర్ వైరు లోపల వేలాడుతూ చలి సరిపోగానే కరెంటు ఆపుతుంది. నేను అన్నీ బిగించి, వైరు లోపల వెయ్యరా అని జగిత్యాలకి చెప్పి లైబ్రరీకెళ్లాను. వాడు వైరు బయటే వదిలి మూత మూశాడు. సెన్సర్ గరాజ్ వేడి చూసి ఇంకా చల్లబడలేదనుకుంది, ఫ్రీజర్ ఆగకుండా పనిచేస్తూనే ఉంది. ఊళ్లో చిన్న బ్రూవరీ వాళ్లు నింపిచ్చిన స్టీలు పీపా, కెగ్గు అంటారు, అది కాస్తా నిలువునా మంచుదిమ్మ అయి కూర్చుంది. జగిత్యాల దాన్ని ఒళ్లో పెట్టుకుని వేడినీళ్లలో ముంచిన తువ్వాళ్లతో పసిపిల్లకి స్నానం పోసినట్టు తుడుస్తుంటే, తిడదామని వచ్చినవాణ్ని నేనే ఇంకో తువ్వాలు పిండి ఇచ్చాను.

ఆ తర్వాత నురగ. కుళాయి తిప్పితే గ్లాసు పెట్టినా నురగే, గిన్నె పెట్టినా నురగే. ఒకసారి గొట్టం ఊడి సీలింగ్ దాకా కొట్టింది. గొట్టం పొట్టిదైతే బీరు తోసుకొచ్చి నురగవుతుందట. పొడుగాటి గొట్టం తెచ్చి చుట్టలు చుట్టి లోపల పెట్టాక దారికొచ్చింది. సెకండ్‌హ్యాండ్ కుళాయికి పైన పిడి లేదు. జగిత్యాల ఇల్లంతా వెతికి పప్పుగుత్తి తెచ్చి బిగించాడు. దాన్ని పట్టుకుని ముందుకి లాగితే బీరొస్తుంది, వెనక్కి తోస్తే ఆగుతుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పప్పు పలుకులు పలుకులుగానే తిన్నాం.

ఎండలు ముదిరే వేళకి బాపు దిగాడు. తెల్ల బూట్లు, కత్తిరించిన మీసం, నిటారు నడక. పెట్టె తెరిచి సకినాలూ, పచ్చళ్లూ బయటపెట్టి, చివర్లో తువ్వాల్లో చుట్టిన స్టీలు గ్లాసొకటి తీసి సింకు పక్కన బోర్లించాడు. తన గ్లాసు లేందే ఆయన మంచినీళ్లు కూడా తాగడట. ఆ గ్లాసు చూసి జగిత్యాల నా మోచెయ్యి గిల్లాడు, రక్తం వచ్చిందనుకున్నాను.

ఇల్లు చూపించాం. ఇది వంటిల్లు, ఇది బాత్రూమ్, ఇది గరాజ్. ఫ్రీజర్ ముందు జగిత్యాల గొంతు సర్దుకుని, ఎన్ని రోజులు బట్టీ పట్టాడో గానీ, అప్పజెప్పినట్టు చెప్పాడు. "ఇది చల్లగుంటది బాపూ. దీంట్ల ఉన్నది ఇంటిది, ఎవ్వలది గాదు. మేం దీని దిక్కు రాం. ఆదివారం అస్సలే రాం."

నేను దగ్గు వచ్చినట్టు పక్కకి తిరిగాను. బాపు పప్పుగుత్తిని కాసేపు చూశాడు. "మంచిగ చేసిన్రు," అని వరండాలోకి వెళ్లిపోయాడు.

మొదటి ఆదివారం భీమవరానికి చర్చి ఉంది కాబట్టి వాడు తప్పించుకున్నాడు. మాకే పనీ లేదు. పని ఉన్నట్టు నటిస్తూ ఇద్దరం వెళ్లి రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్నాం. గాలి వేడిగా కొడుతోంది. వచ్చే రైళ్లూ పోయే రైళ్లూ చూస్తూ సాయంత్రందాకా అక్కడే మాడాం. "ఈపాటికి తిప్పుంటడు," అంటాడు వాడు ప్రతి రైలుకీ. ఇంటికొచ్చి చూస్తే స్టీలు గ్లాసు పెట్టింది పెట్టినట్టే బోర్లించి ఉంది, ఎండిపోయి. బాపు స్నానానికెళ్లినప్పుడు కెగ్గుని ఎత్తి బాత్రూమ్ బరువు మిషను మీద పెట్టి చూశాం. చుక్క తగ్గలేదు.

రెండో ఆదివారం లైబ్రరీకి పోయాం. వచ్చి తూస్తే తగ్గింది. జగిత్యాల కెగ్గుని కావలించుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి వెధవకి. అప్పుడే భీమవరం గరాజ్‌లోకొచ్చి, "ఇక్కడ తడేంటన్నా, నా సాక్సు తడిసింది," అన్నాడు. కుళాయి బిగింపు వదులై కారిపోయిందంతే. జగిత్యాల మొహం చూడలేకపోయాను.

బాపు మాత్రం అన్నీ బాగానే ఉన్నట్టే ఉన్నాడు. నేను భయపడ్డట్టే పొద్దున్నే లేపి దొడ్లో గుంజీలు తీయించాడు. బట్టలారేసే, గొడుగులా విచ్చుకున్న తీగల స్తంభం కింద మడి చేసి మెంతులు చల్లాడు. ఆదివారం సాయంత్రాలు మాత్రం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆ దొడ్లోనే చుట్టూ తిరిగేవాడు. కిటికీలోంచి అది చూసి జగిత్యాల అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. దానికితోడు, ఎవరైనా ఇంటికొస్తున్నారని తెలిస్తే చాలు, ఆ పప్పుగుత్తి మీద బాపు తువ్వాలు కప్పి ఉండేది. ప్లంబర్ వచ్చినా, ఓనరొచ్చినా తువ్వాలే.

"చూసినవా? దాన్ని చూసుడు గూడ ఆయనకు ఇష్టం లేదు," అనేవాడు జగిత్యాల. "నేను తప్పు జేసిన్రా. తాగుబోతని ఎక్కిరించినట్టనుకుంటుండు."

"నోరు తెరిచి అడిగి చావరాదూ."

"అడుగుడుంటె ఇదంత ఎందుకు జేసిన?"

 తిట్టి ఊరుకున్నాను.

కాన్వొకేషన్ అయింది. ఫొటోలయ్యాయి. బాపు వెళ్లేముందు వచ్చిన చివరి ఆదివారం, భీమవరం వాళ్ల చర్చి ఆంటీని మధ్యాహ్నం భోజనానికి పిలిచాం. డాక్టర్ ఆంటీ, ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లయింది. చెయ్యి పెద్దది, మనసు పెద్దది, నోరు కూడా తక్కువ కాదు. క్లేటన్‌లో ఏ తెలుగు పిల్లాడికి జ్వరమొచ్చినా ఆవిడకి తెలుస్తుంది, ఆవిడకి తెలిసింది వాళ్ల అమ్మానాన్నలకి ఆ వారమే తెలుస్తుంది. పిల్లల మంచి కోసమే అంటారు. ఆ రోజు ఉదయం బాపు తువ్వాలు ఉతికి ఆరేసుకున్నాడు, నేను చూశాను గానీ దాని సంగతి నాకు తట్టలేదు.

ఆంటీ పెద్ద ఐస్‌క్రీమ్ డబ్బాతో దిగారు. వంటింటి ఫ్రిజ్ బిర్యానీతోనూ కోడికూరతోనూ కిక్కిరిసి ఉంది. "పర్లేదులే, మీ గరాజ్‌లో ఫ్రీజర్ ఉందటగా, చర్చిలో మావాడు చెప్పాడు. అందులో పెట్టేస్తాను," అంటూ ఆవిడే నడిచారు. భీమవరం నేల చూపులు చూశాడు. చెక్కపని గురించి గొప్పలు చెప్పుకున్నాడన్నమాట. జగిత్యాల చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది. పుట్టి మునిగిందనుకుని ఇద్దరం వెనకాలే పరిగెత్తాం.

మాకంటే ముందు బాపు ఉన్నాడు. ఎటునుంచి వచ్చాడో, ఎప్పుడొచ్చాడో, ఫ్రీజర్‌కి వీపు ఆనించి, కాళ్లు ఎడం చేసి, చేతులు వెనక కట్టుకుని, పిల్లలకి 'విశ్రామ్' చెప్పినప్పుడు నిలబడే పద్ధతిలో నిలబడి ఉన్నాడు. కుళాయి ఆయన వెనక దాగిపోయింది.

"ఇది ఖరాబైందమ్మా," అన్నాడు. "పని చేస్తలేదు."

"అయ్యో, మోటారు చప్పుడు వస్తోందే?"

"సప్పుడే అస్తది. సల్లగ గాదు."

నేను పక్కవాటుగా ఉన్నాను, నాకు ఆయన చేతులు కనపడుతున్నాయి. వెనక కట్టుకున్న చేతుల మధ్య పప్పుగుత్తి ఇరుక్కుంది. ఆంటీ, వాళ్ల అమ్మాయి పరీక్షల సంగతి ఎత్తుకున్నారు. మర్యాదగా వినడానికి బాపు కొంచెం ముందుకి వంగాడు. పప్పుగుత్తి కూడా ఆయనతోపాటు ముందుకొచ్చింది.

మొదట ఆయన మొహంలో కనుబొమ్మలు మాత్రం లేచాయి. చల్లటి బీరు నడుము దగ్గర మొదలై, ఇస్త్రీ చేసిన లేతరంగు ప్యాంటు వెనకనుంచి కాళ్లవెంట దిగి, చెప్పుల్లో నిండి, నేలమీదకి పారింది. అన్ని వారాలు కుస్తీ పట్టి నురగ తగ్గించాం కదా, అద్భుతంగా వస్తోంది, చప్పుడు కూడా లేదు. వెనక్కి తిరిగితే కుళాయి కనపడుతుంది. చెయ్యి తీసినా కనపడుతుంది. ఏ వైపు తోస్తే ఆగుతుందో ఆయనకి తెలియదు, ఎప్పుడూ ముట్టుకోలేదు కాబట్టి. అలాగే నిలబడ్డాడు. ఇటు ఆంటీ చేతిలో ఐస్‌క్రీమ్ కరిగి మోచేతిమీదకి కారుతోంది, అటు బాపు కాళ్లమీదుగా బీరు కారుతోంది, మధ్యలో ఆవిడ అమ్మాయికి మ్యాథ్స్‌లో ఎందుకు మార్కులు తగ్గాయో వివరంగా నడుస్తోంది.

ఆంటీ మాట ఆగిపోయింది. కింద చూశారు. బాపు చెప్పుల చుట్టూ పసుపురంగు నీళ్లమడుగు. చేపలూ అగరొత్తులూ కలిసిన గరాజ్‌లో బీరు వాసన పట్టడం ఎవరి తరమూ కాదు. ఆవిడ డాక్టరు. ఆ వయసు మగవాళ్లని ఎంతమందిని చూశారో. ఆవిడ మొహం జాలితో మెత్తబడిపోయింది.

"అన్నయ్యగారూ," అన్నారు గొంతు బాగా తగ్గించి, "ఏం ఫీలవకండి. ఈ ఏజ్‌లో వెరీ కామన్. ప్రోస్టేట్ చెక్ చేయించుకున్నారా?"

 జగిత్యాల గరిటె పట్టుకుని ముందుకి అడుగేశాడు. నోరు తెరిచాడు. వాడు చెప్పేసేవాడే, నాకు తెలుసు. బాపు కళ్లతోనే వాణ్ని ఆపాడు. గ్రౌండులో ఆపే చూపు.

"అప్పుడప్పుడు గట్లయితదమ్మా," అన్నాడు ఆంటీతో, తల కొంచెం దించి. "ఆపుకుందమంటె ఆగది."

ఆంటీ ఐస్‌క్రీమ్ డబ్బాతో లోపలికి వెళ్లిపోయారు. నేను వెళ్లి పప్పుగుత్తి వెనక్కి తోశాను. బాపు ఎవరివైపూ చూడకుండా, తడి చెప్పులు కిర్రుకిర్రుమంటుండగా, స్నానాలగదికి నడిచాడు. భోజనాల దగ్గర ఆంటీ ఆయన కుర్చీలో మడతపెట్టిన దుప్పటి వేయించారు, చారు గిన్నె ఆయనకి అందకుండా పక్కకి జరిపారు, మంచినీళ్లు సగం గ్లాసే పోశారు. వెళ్తూ వెళ్తూ జగిత్యాలని గేటు దగ్గరికి పిలిచి, నాన్నగారిని ఏమీ అడగొద్దనీ, మగవాళ్లు సిగ్గుపడతారనీ, ఊరెళ్లగానే పరీక్ష చేయించమనీ చెప్పారు. వాడు అన్నిటికీ తలూపాడు.

కారు మలుపు తిరిగాక వాడు గరాజ్‌లోకొచ్చి ఫ్రీజర్ పక్కన నిలబడిపోయాడు. నేను నేల తుడుస్తున్నాను.

"తువ్వాల నా కోసం కప్పిండ్రా," అన్నాడు. "ఎక్కిరించిననని గాదు. నా ఇజ్జతు పోవద్దని."  "మంది ముందట ప్యాంటు తడుపుకున్ననని ఒప్పుకున్నడు గని, ఆ నల్లా నా కొడుకుదని చెప్పలే."

 అంతసేపూ పొట్ట పట్టుకుని నవ్వడానికి కాచుకుని ఉన్నవాణ్ని, ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు.

గరాజ్ రోలర్ షట్టర్ ఎండకి కిందికి దించేసి ఉంది. దానికవతల, కార్లు పెట్టుకునే సిమెంటు బాట మీద, నీడపట్టున, పాల ప్యాకెట్ల ప్లాస్టిక్ పెట్టె బోర్లించుకుని బాపు కూర్చున్నాడు. లుంగీ, బనీను. మొహం వీధి వైపు, వీపు షట్టర్ వైపు. ఆదివారం, సాయంత్రం అవుతోంది.

జగిత్యాల లోపలికి వెళ్లి స్టీలు గ్లాసు తెచ్చాడు. కడిగిందాన్నే మళ్లీ కడిగాడు. పప్పుగుత్తి పట్టుకుని మెల్లగా లాగాడు. గ్లాసు వంచి పట్టుకుని నింపాడు, పైన ఒక వేలెడు నురగ. షట్టర్ జానెడు పైకి లేపి, ఆ సందులోంచి గ్లాసు బయటికి జరిపి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

సందులోంచి మాకు బాపు మడమలు మాత్రం కనపడుతున్నాయి, వాటి పక్కన గ్లాసు. మడమలు కదల్లేదు. గ్లాసుకి చెమటలు పట్టాయి. వీధిలో ఎవరో గడ్డి కోసే మిషను ఆపారు.  చివరికి ఒక చెయ్యి కిందికి దిగింది, గ్లాసు పైకి వెళ్లిపోయింది. జగిత్యాల ఫ్రీజర్‌కి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు.

చాలాసేపటికి ఖాళీ గ్లాసు సందులోంచి లోపలికొచ్చింది. వాడు గబుక్కున లేచి మళ్లీ నింపి, మళ్లీ జరిపాడు. ఈసారి చెయ్యి వెంటనే దిగింది. గ్లాసు తీసుకోలేదు. నిండుగ్లాసుని అలాగే, తొణక్కుండా, లోపలికి తోసింది. ఇంకెవరూ నోట పెట్టని ఆయన సొంత గ్లాసు అది.

"నాకు సాలు. అది నువ్వు తాగు," అంది బాపు గొంతు షట్టర్ అవతల నుంచి. "నేను రోడ్డు దిక్కు చూస్తున్న."

జగిత్యాల గ్లాసు చేతిలోకి తీసుకుని నా వైపు చూశాడు. నేను గోడ వైపు తిరిగి, ఎప్పుడో ఆరిపోయిన నేలనే మళ్లీ తుడవడం మొదలుపెట్టాను.